ద్వారప్రవేశ అద్భుతకథలకు ఉత్తరకథలు: బాలపాఠకుల అభిప్రాయాలు – కోనసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

నిత్యజీవితంలోని బాలుడో బాలికో ఏదో ఒక ద్వారం గుండా మరో లోకానికి వెళ్లి తిరిగివచ్చే కథలను ఆంగ్లవిమర్శకులు పోర్టల్ ఫాంటసీ అంటారు. ఈ వ్యాసంలో వాటిని ‘ద్వారప్రవేశ అద్భుతకథలు’ అని వ్యవహరించడమైనది. ఇటువంటి కథకు కొనసాగింపు వెలువడినప్పుడు బాలపాఠకులు దానిని ఏ ప్రమాణంతో స్వీకరిస్తారు, ఏ ప్రమాణంతో కాదంటారు అన్నది ఇందులోని ప్రశ్న. అమెరికన్ రచయిత ఎల్. ఫ్రాంక్ బామ్ ఓజ్ కథలకు, పిల్లలు ఆయనకు రాసిన ఉత్తరాలకు ఉన్న సంబంధం ఇందుకు ప్రధాన ఆధారం. గాలివాన ద్వారంగా మారే ఆ కథను తుపానులు ఎరిగిన కోనసీమ పాఠకుని స్థానం నుంచి చదివితే ఏ అంశాలు ముందుకు వస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బాలసాహిత్యం, అద్భుతకథ, ఉత్తరకథ, పాఠకస్పందన, ఓజ్, కోనసీమ, తుపాను.

1. ప్రవేశిక:

పిల్లల పుస్తకాన్ని రాసేవారు పెద్దలు, ప్రచురించేవారు పెద్దలు, కొనేవారు పెద్దలు, సమీక్షించేవారూ పెద్దలే. చదివేవారు మాత్రం పిల్లలు. అందువల్ల బాలసాహిత్య విమర్శలో ‘పాఠకుల అభిప్రాయం’ అన్న మాట తరచుగా పెద్దల అభిప్రాయానికి మారుపేరుగా మిగిలిపోతుంది. భారతీయ అలంకారశాస్త్రం కావ్యానుభవానికి సహృదయుని ఆధారం చేసింది. ఆధునిక విమర్శలో లూయీ రోజెన్‌బ్లాట్ 1938 నాటికే పాఠకుని అనుభవం కలిసినప్పుడే రచన పూర్తవుతుందని ప్రతిపాదించారు. ఈ రెండు ఆలోచనలూ మన విశ్వవిద్యాలయాలకు పరిచితమైనవే. అయినా పదేళ్ల పిల్లవాడు సహృదయుడు కాగలడా అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి ఉత్తరకథ అనువైన చోటు. మొదటి పుస్తకం వచ్చేనాటికి పాఠకునికి దానిపై ప్రత్యేకమైన కోరిక ఉండదు. రెండవ పుస్తకాన్ని మాత్రం అతడు కోరికతో, జ్ఞాపకంతో, కొంత అనుమానంతో తెరుస్తాడు. కనుక అతని అభిప్రాయం అక్కడే స్పష్టంగా రూపుకడుతుంది.

2. ద్వారం – తెలుగు పాఠకుని పూర్వపరిచయం:

ఫరా మెండెల్‌సన్ 2008లో ప్రచురించిన గ్రంథంలో అద్భుతకథలను నాలుగు విధాలుగా విభజించారు. పాత్ర ఒక లోకం నుంచి మరో లోకానికి వెళ్లేవి అందులో ఒక విధం. అక్కడి వింతలు పాత్రకూ కొత్తే, పాఠకునికీ కొత్తే. ఇద్దరూ కలిసి నేర్చుకుంటూ ముందుకు సాగుతారు.

పేరు కొత్తదైనా ఈ నిర్మాణం తెలుగువారికి కొత్త కాదు. కిష్కింధాకాండలో హనుమంతాదులు దప్పికతో ఒక బిలంలోకి దిగి స్వయంప్రభ నివాసాన్ని చూస్తారు. ఆమె తపశ్శక్తితో, కళ్లు మూసుకుని తప్ప వారు వెలుపలికి రాలేరు. దశకుమారచరిత్రలో రాజవాహనుడు మాతంగునితో కలిసి బిలమార్గాన పాతాళానికి వెళ్తాడు. అతనిని వెదకుతూ మిత్రులు తలొక దిక్కుకు చెదరిపోవడం నుంచే మిగిలిన కథలన్నీ పుట్టుకొస్తాయి. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి చేరుకుంటాడు. ఆ లేపం మంచుకు కరిగిపోతుంది. వెళ్లిన ద్వారం మూసుకుపోయింది. అప్పటినుంచి ప్రవరుని కోరిక ఒక్కటే, ఇల్లు చేరడం.

ఈ మూడు కథల నుంచి మూడు సూత్రాలు తేలుతున్నాయి. ద్వారం లోపలికి పంపినంత సులువుగా వెలుపలికి పంపదు. ఒకరు లోపలికి వెళ్తే వెనుక మిగిలినవారి జీవితం కూడా మారుతుంది. వెళ్లినవారికి చివరకు కావలసింది ఇల్లు. ఉత్తరకథకు ఎదురయ్యే చిక్కు ఈ మూడవ సూత్రంలోనే ఉంది. ఇల్లు చేరడమే కథాఫలమైతే, ఇల్లు చేరినవారిని మళ్లీ ఎందుకు బయలుదేరదీయాలి? ప్రవరుడు రెండవసారి హిమాలయానికి వెళ్లడు. అతని దృష్టిలో ఆ అవసరం లేదు. బాలపాఠకుడు మాత్రం “మళ్లీ వెళ్తాడా?” అని అడగకుండా ఉండడు.

మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీకథలు ఈ అడగడాన్నే కథాచట్రంగా మార్చుకున్నాయి. కాశీకి పోయే యతివెంట నడిచే పశులకాపరి ప్రతి మజిలీలోనూ తాను చూసిన వింతను గురించి అడుగుతాడు. యతి దానికి కథ చెప్పాలి. అడగడం ఆగితే నడక ఆగుతుంది, నడక ఆగితే కథ ఆగుతుంది. 12 భాగాల ఆ గ్రంథాన్ని శ్రోత కోరికే నడిపిస్తుంది. కొనసాగింపు కోరే పాఠకుడు తెలుగులో కథ వెలుపల మాత్రమే కాక కథ లోపల కూడా ఉన్నాడని దీనివల్ల గ్రహించవచ్చు.

3. పెద్దల అభిప్రాయం – పిల్లల అభిప్రాయం:

ఉత్తరకథపై అభిప్రాయాలు అన్నీ ఒక విధమైనవి కావు. లూయిస్ కెరోల్ ఆలిస్ మొదటి కథ 1865లో, అద్దం గుండా ఆలిస్ ప్రయాణించే రెండవ కథ 1871 చివరలో వెలువడ్డాయి. రెండవ కథలో కందిరీగ పాత్రతో ఒక ఘట్టం ఉండేది. చిత్రకారుడు జాన్ టెనియల్ అది తనకు ఆసక్తికరంగా లేదని 1870లో కెరోల్‌కు ఉత్తరం రాశారు. కెరోల్ దానిని తొలగించారు. ఇది పుస్తకం వెలువడకముందే పనిచేసిన నిపుణుని అభిప్రాయం. ఆ ఘట్టం పిల్లలకు నచ్చేదో లేదో తెలుసుకునే అవకాశం అప్పటి పిల్లలకు దక్కలేదు.

సి. ఎస్. లూయిస్ నార్నియా కథల విషయంలో మరోరకం అభిప్రాయం కనిపిస్తుంది. మొదటి పుస్తకం 1950లో, దాని కొనసాగింపు 1951లో వచ్చాయి. ఆ కథలను ప్రచురణక్రమంలో చదవాలని తల్లి, కథాకాలక్రమంలో చదవాలని కొడుకు వాదించుకున్న ఒక అమెరికన్ కుటుంబం నుంచి ఆయనకు ఉత్తరం వచ్చింది. 1957లో ఇచ్చిన జవాబులో లూయిస్ బాలుని క్రమంవైపే మొగ్గారు. అయితే ఏ క్రమంలో చదివినా పెద్ద తేడా లేదన్న భావాన్నీ వ్యక్తం చేశారు. తదనంతరకాలంలో ప్రచురణకర్తలు కథాకాలక్రమాన్నే అనుసరించారు.

ఈ రెండు ఉదాహరణలలోనూ అభిప్రాయం ఒక వ్యక్తికి సంబంధించినది. అనేకమంది పిల్లల అభిప్రాయం ఒక రచయితను ఏళ్ల తరబడి నడిపించిన సందర్భం ఓజ్ కథలలో కనిపిస్తుంది.

4. ఓజ్ ఉత్తరకథలు – ఉత్తరాలు అడిగింది, పాఠకులు కోరింది:

ఎల్. ఫ్రాంక్ బామ్ (1856–1919) రాసిన మొదటి ఓజ్ కథ 1900లో వెలువడింది. కాన్సస్ మైదానంలో పెదనాన్న వంటి హెన్రీ, ఎమ్ దంపతుల వద్ద పెరిగే డొరొతీ అనే బాలికను సుడిగాలి ఇంటితోసహా ఎత్తుకుపోయి ఓజ్ దేశంలో దించుతుంది. గడ్డిబొమ్మ, తగరపు మనిషి, పిరికి సింహం ఆమెకు తోడవుతారు. ఆమె కోరిక మాత్రం ప్రవరుని కోరికే. చివరకు ఇల్లు చేరుతుంది.

ఆ కథ రంగస్థలానికి ఎక్కి విశేషంగా ఆడింది. గడ్డిబొమ్మ, తగరపు మనిషి వేషాలు వేసిన నటులకు గొప్ప పేరు వచ్చింది. ఆ ఇద్దరి గురించి ఇంకా రాయమని పిల్లల నుంచి ఉత్తరాలు వచ్చాయని బామ్ 1904 నాటి రెండవ పుస్తకం ముందుమాటలో పేర్కొన్నారు. వెయ్యిమంది బాలికలు వెయ్యి ఉత్తరాలు రాస్తే రాస్తానని ఒక చిన్నారికి మాట ఇచ్చిన సంగతి కూడా అందులోనే చెప్పుకున్నారు. ఆ పుస్తకాన్ని ఆ నటులిద్దరికే అంకితమిచ్చారు.

రెండవ పుస్తకంలో గడ్డిబొమ్మ ఉంది, తగరపు మనిషి ఉన్నాడు. డొరొతీ మాత్రం లేదు. టిప్ అనే బాలుడు ప్రధానపాత్ర. అతడు ఓజ్‌లోనే పెరిగినవాడు. మంత్రగత్తె ఇంటి నుంచి పారిపోయి రాజధానికి వస్తాడు. చివరకు అతడు మాయవల్ల రూపం మారిన రాకుమారి ఓజ్మా అని తేలుతుంది. ఉత్తరాలు అడిగినదంతా ఇందులో ఉంది. లోపించినది ఒక్కటే. మన లోకం నుంచి ఆ లోకానికి ఎవరూ వెళ్లరు. మొదటి పుస్తకం ద్వారప్రవేశ కథ, రెండవది కేవలం అద్భుతలోక కథ.

1907 నాటి మూడవ పుస్తకం ముందుమాటలో తర్వాత వచ్చిన ఉత్తరాల సారాంశం ఉంది. డొరొతీ గురించి ఇంకా చెప్పమనీ, ఆమెను మళ్లీ ఓజ్‌కు పంపమనీ, ఆమెను ఓజ్మాను కలపమనీ పిల్లలు అడిగారు. బామ్ వారి మాట విన్నారు. ఈసారి డొరొతీ హెన్రీతో ఓడలో ఆస్ట్రేలియాకు పోతూ తుపానులో చిక్కుకుంటుంది. కోళ్లగూటిని పట్టుకుని, ఒక పెట్టతోసహా అలలపై కొట్టుకుపోయి మరో తీరాన్ని చేరుతుంది. 

ఈ రెండు విడతల ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదట పిల్లలు తమకు ఇష్టమైన పాత్రలను అడిగారు. ఆ పాత్రలు అందిన తర్వాతనే తమకు కొరవడినది ఏమిటో గుర్తించారు. డొరొతీని అడగడమంటే ఒక పాత్రను అడగడం మాత్రమే కాదు. ఆమె వెళ్లగలిగితేనే చదివే పిల్లలూ వెళ్లగలరు. ఆమె లేని ఓజ్ ఎంత వింతైనదైనా ఇతరుల దేశమే. కనుక పాఠకుని అభిప్రాయంలో పైకి పలికిన మాట ఒకటి, దాని అడుగున ఉన్న కోరిక మరొకటి. రచయిత మొదటిదాన్ని తు.చ. తప్పక పాటించినా రెండవది తీరకపోవచ్చు.

5. ద్వారం వెల:

1910 నాటి ఆరవ పుస్తకం ఈ చర్చకు మరింత కీలకమైనది. అందులో హెన్రీ అప్పుల్లో ఉంటాడు. సుడిగాలి ఇల్లు ఎత్తుకుపోయినందున కొత్త ఇల్లు కట్టుకోవలసి వచ్చింది. అందుకు పొలాన్ని తాకట్టు పెట్టాడు. తర్వాత ఆరోగ్యం కోసం ఆస్ట్రేలియాకు చేసిన ప్రయాణానికీ డబ్బు ఖర్చయింది. అప్పు తీర్చలేక పొలం పోయే స్థితి వచ్చింది. అంటే మొదటి కథలోని గాలి, మూడవ కథలోని ఓడప్రయాణం, డొరొతీకి ద్వారాలైన ఆ రెండు ఘటనలే, ఇంటి పెద్దకు రుణాలయ్యాయి.

మొదటి పుస్తకంలో ఈ లెక్క స్ఫురించదు. పాఠకుడు డొరొతీతో పాటు ఎగిరిపోతాడు. వెనుక మైదానంలో ఇల్లు లేకుండా మిగిలినవారిని తలచుకోడు. ఉత్తరకథ పదేళ్ల తర్వాత వెనుదిరిగి ఆ లెక్కను గుర్తుచేసింది. డొరొతీ ఈసారి తాను మాత్రమే వెళ్లదు. ఓజ్మా సహాయంతో హెన్రీ, ఎమ్ దంపతులను కూడా శాశ్వతంగా ఓజ్‌కు రప్పిస్తుంది. ఇల్లు చేరినవారిని మళ్లీ ఎందుకు బయలుదేరదీయాలన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరికింది. వదిలివెళ్లిన ఇల్లే నిలవనప్పుడు, ఇంటివారే ఇల్లు అవుతారు.

6. కోనసీమ పాఠకుని స్థానం:

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, బంగాళాఖాతం అంచున ఉన్న భూభాగం కోనసీమ. వైనతేయ పాయ రాజోలు ప్రాంతాన్ని అమలాపురం వైపు నుంచి వేరుచేస్తుంది. ఎగువన కొత్తపేట ప్రాంతం ఉంది. యానాం–ఎదుర్లంక వారధి 2002లో వచ్చింది. వారధులు లేని కాలంలో ఇక్కడి నుంచి ఎటు కదలాలన్నా రేవుకు పోవాలి, పడవో పంటో ఎక్కాలి. సఖినేటిపల్లి రేవులో నరసాపురానికి పంటుపై దాటడం నేటికీ పరిచితమైన దృశ్యం. గోదావరి నడుమనున్న లంకగ్రామాలవారికి వరదకాలంలో అవతలి గట్టు మరో లోకమే. ఇటువంటి చోట పెరిగే పిల్లవానికి ద్వారం అంటే అలమరా, అద్దం కంటే ముందు నీరు గుర్తుకు వస్తుంది. కోళ్లగూటిపై సముద్రం దాటే డొరొతీని అతడు వింతగా చూస్తాడే గాని అసంభవంగా చూడడు.

గాలి విషయం వేరు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. కోనసీమ కొబ్బరితోటలను కూల్చివేసింది. కూలిన ఇంటిని ఒక ఏడాదిలో తిరిగి కట్టుకోవచ్చు. దేశవాళీ కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్ల బ్రతుకుతెరువు, దానికోసం చేసే అప్పు, చదువు ఆగిన పిల్లలు, వలసపోయిన కుటుంబాలు తుపాను లెక్కలో తర్వాతి పుటలు. ఇంట్లో పెద్దల మాటల్లో ‘తొంభైఆరు’ అన్నది సంవత్సరం మాత్రమే కాదు, ఒక కాలగణన.

ఇటువంటి ఇంటి బిడ్డ ఓజ్ మొదటి కథను చదివితే ఇల్లు గాలిలోకి లేవడం అతనికి కేవలం వినోదం కాకపోవచ్చు. “ఇల్లు ఎగిరిపోతే వాళ్లు ఎక్కడ పడుకున్నారు?” అన్న సందేహం కథకు అడ్డుపడే ప్రశ్నగా పెద్దలకు తోచవచ్చు. బామ్ ఆరవ పుస్తకంలో సమాధానం చెప్పినది సరిగ్గా ఆ ప్రశ్నకే. కాన్సస్ కథను కోనసీమలో చదివినప్పుడు మొదటి పుటలోనే పుట్టే ప్రశ్న, ఉత్తరకథ చివరివరకూ వెళ్లి తేల్చుకున్న ప్రశ్న ఒక్కటే కావడం గమనింపదగినది. పాఠకుని స్థానం అతని అభిప్రాయానికి పరిమితి మాత్రమే కాదు, దానికి బలం కూడా.

7. అభిప్రాయాన్ని పాటించడంలోని హద్దులు:

పాఠకుల కోరికే సర్వప్రమాణం అనడం కూడా సరికాదు. బామ్ ఆరవ పుస్తకంతో ఓజ్ కథలను ముగించదలచారు. ఓజ్ దేశాన్ని బయటివారికి కనిపించకుండా మాయతో మూసివేశారు. ఆయన ఇతర కథలకు అంతటి ఆదరణ లభించలేదు. 1911లో దివాలా ప్రకటించవలసి వచ్చింది. 1913లో మళ్లీ ఓజ్ కథనే రాశారు. మూసిన దేశం నుంచి కబురు ఎలా వచ్చిందన్నదానికి, తీగలేని తంతి ద్వారా ప్రయత్నించమని ఒక చిన్నారి సూచించినట్లు ముందుమాటలో కల్పన చేశారు. ద్వారాన్ని రచయిత మూశాడు, పాఠకుడు తెరిచాడు. మొత్తం 14 ఓజ్ నవలలు రాసిన బామ్ తర్వాత రూత్ ప్లమ్లీ థాంప్సన్ 1921 నుంచి మరో 19 పుస్తకాలు రాశారు.

పిల్లల ప్రేమ ఒక రచయితను పోషించింది, అదే ఆయనను ఒక్క దేశానికి కట్టివేసింది. కనుక అభిప్రాయాన్ని ఆజ్ఞగా కాక ఆధారంగా గ్రహించాలి. పిల్లలు ‘ఏమి కావాలి’ అని చెప్పినది వినాలి. ‘ఎందుకు కావాలి’ అన్నది విమర్శకుడు వెదకాలి.

8. తెలుగు బాలసాహిత్యానికి అన్వయం:

1947 జులైలో వెలువడిన చందమామ మొదలుకొని తెలుగు పిల్లలు నెలనెలా ధారావాహికల కోసం ఎదురుచూసే అలవాటును పొందారు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు ఆ నిరీక్షణకు ప్రధాన కారణాలలో ఒకటి. ధారావాహికలో ప్రతి సంచికా ముందుదానికి ఒక చిన్న ఉత్తరకథే. అంత నిరీక్షణ ఉన్నచోట అంత అభిప్రాయమూ ఉండి తీరుతుంది. అయితే తెలుగు బాలసాహిత్య చరిత్రలు రచయితలను, పత్రికలను, చిత్రకారులను నమోదుచేసినంత శ్రద్ధగా పిల్లల మాటను నమోదు చేయలేదు. బామ్ ముందుమాటలు నేడు పరిశోధనకు ఉపకరిస్తున్నాయంటే, ఆయన ఆ ఉత్తరాల సారాన్ని పుస్తకంలోనే భద్రపరచినందువల్లనే.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పాఠశాలల్లో, శాఖాగ్రంథాలయాల్లో ఈ పనికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఒక అద్భుతకథను, దాని కొనసాగింపును వరుసగా చదివించి, “బాగుందా?” అనే ఒక్క ప్రశ్నతో ఆపకుండా మరో నాలుగు అడిగితే చాలు. ఈసారి లోపలికి ఎవరు వెళ్లారు? నువ్వు వెళ్లగలవా? వెనుక ఎవరు మిగిలారు? వారికి ఏమైంది? మొదటి రెండు ప్రశ్నలు ద్వారానికి చెందినవి. తర్వాతి రెండు ద్వారం వెలకు చెందినవి. జవాబులను పిల్లల మాటల్లోనే, వారి యాసలోనే, సవరించకుండా రాసిపెట్టాలి. పెద్దలకు నచ్చే జవాబు కోసం ఎదురుచూడకపోవడం ఇందులో ముఖ్యమైన నియమం.

9. ముగింపు:

i. ద్వారప్రవేశ అద్భుతకథకు ఉత్తరకథ వచ్చినప్పుడు బాలపాఠకులు ముందుగా పాత్రలను అడుగుతారు. వారికి నిజంగా కావలసింది తమకు తెరిచి ఉన్న ద్వారం. 1904, 1907 నాటి ఓజ్ పుస్తకాల మధ్య జరిగిన మార్పు ఇందుకు నిదర్శనం.

ii. మంచి ఉత్తరకథ కొత్త వింతలను చేర్చడంతో తృప్తిపడదు. మొదటి ప్రయాణానికి వెనుక మిగిలినవారు చెల్లించిన వెలను గుర్తుంచుకుంటుంది. 1910 నాటి పుస్తకంలోని తాకట్టు ఇందుకు ఉదాహరణ.

iii. పాఠకుని ప్రాంతం, అనుభవం అభిప్రాయాన్ని నిర్ణయిస్తాయి. నీటిని దాటడం, గాలికి తట్టుకోవడం తెలిసిన కోనసీమ పిల్లలు ఇటువంటి కథలను చదివే తీరు తెలుగు విమర్శకు కొత్త ఆధారం కాగలదు.

iv. ఆ ఆధారం ఇంకా కాగితం మీదకు రావలసి ఉంది. గాలికి ఎగిరిన ఇంటిని చూసి ఎగిరినవారి గురించి అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మిగిలినవారి గురించి అడిగే పిల్లవాడు ఒక్కడున్నా అతని మాటను రాసుకోవడం బాలసాహిత్య పరిశోధకుల బాధ్యత.